ఏ చప్పుడూ లేదు

పొడుగాటి స్క్రూ డ్రైవర్ మొనని ఇంజన్ మీద ఆనించి, పిడిని కుడిచెవి వెనకున్న ఎముకకి నొక్కిపెట్టి, మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. షెడ్డులో అందరూ నోళ్లు మూసుకున్నారు. అది అక్కడి పద్ధతి. మేస్త్రి వింటున్నప్పుడు దగ్గొచ్చినా బయటికి పోయి దగ్గి రావాలి. ఇంజన్ విప్పకుండానే ఏ వాల్వు వదులైందో, ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడని ఆయనకి పేరు. ఆ పేరు ముదిరి ముదిరి చివరికి చెవి మేస్త్రి అయింది. అసలు పేరేమిటని అడిగితే షెడ్డులో ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటారు.

"స్లోలో ఉన్నప్పుడే వస్తోంది బాబాయ్," అంది వ్యానమ్మ ఆగలేక, బండి దిగగానే ఆయన ఎదురుగా నిలబడి చెప్పిందే మళ్లీ. "ముందువైపు నించి టకటకటకమని. కొంచెం రేజ్ చేస్తే పోతుంది. కాలు తీస్తే మళ్లీ మొదలు."

ఆమెకి స్కూలు వ్యాను ఉంది. కొండమీది ఇళ్ల నుంచి పిల్లల్ని కింద బడికి దింపడం, సాయంత్రం మళ్లీ ఎక్కించుకుపోవడం ఆమె పని. పిల్లలు పెట్టిన పేరే వ్యానమ్మ. మేస్త్రి బావమరిది, షెడ్డులో ఆయనకి కుడిభుజం, పెదాల మీద వేలు పెట్టి ఆమెని ఊరుకోమన్నాడు.

మేస్త్రికి ఏమీ వినపడలేదు.

ఇంజన్ వణుకు పిడిలోంచి ఎముకలోకి ఎక్కుతోంది, పళ్లు కూడా సన్నగా జిల్లుమంటున్నాయి. కానీ అందులో చప్పుడు లేదు. పైకవరు మీద పెట్టి చూశాడు, బ్లాకు మీద పెట్టి చూశాడు, బెల్టుకి తగలకుండా ముందుకి జరిపి చూశాడు. ఎక్కడ పెట్టినా రజాయి కప్పుకుని పడుకున్నట్టు అదే మందపాటి గుయ్యిమనే మోత. ఇదివరకు ఈ పిడి చెవికి తగిలితే చాలు, ఇంజన్ లోపల ఎవరు ఎక్కడ నిలబడి ఏం మాట్లాడుతున్నారో తెలిసేది. కళ్లు తెరిస్తే అందరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు. పనికి బళ్లిచ్చి బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా పేపర్లు దించారు.

"ఏ చప్పుడూ లేదు," అన్నాడు.

"అదేంటి బాబాయ్, ఇప్పుడు కూడా వస్తోందిగా?"

"ఇంజన్ బంగారంలా ఉంది. గోల ఇంజన్లో లేదు, నీ చెవిలో ఉంది. పోయి చెవులు చూపించుకో."

షెడ్డు గొల్లుమంది. బావమరిది అంతకుముందే తల ఒక పక్కకి వంచి ఏదో విన్నట్టు నొసలు ముడిచాడు గానీ, బావ మాట విన్నాక ఆ ముడి విప్పేసి తనూ నవ్వేశాడు. "బావ లేదన్నాక ఇంకేం లేదక్కా! ఇంజన్లే ఆయన ముందు గుసగుసలాడతాయి, దాచుకుంటాయా?"

వ్యానమ్మ కూడా నవ్వింది, అందరికంటే కొంచెం ఆలస్యంగా. నవ్వుతూనే చూపుడువేలు చెవిలో పెట్టి రెండుసార్లు ఆడించింది, నీళ్లు పోయినప్పుడు ఆడించినట్టు. తర్వాత ఎక్కి కూర్చుని, తల ఎటూ తిప్పకుండా వ్యాను తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో మేస్త్రి గోడగడియారం కింద స్టూలు వేసుకుని ఎక్కి, చెవి దానికి ఆనించి నిలబడ్డాడు. ముల్లు కదులుతూనే ఉంది. మొన్నామధ్య పాతికనంబరు స్పానర్ చేతిలోంచి జారి సిమెంటు మీద పడితే, పడిందని కళ్లతో చూసి తెలుసుకున్నాడు. అప్పుడు ఏదో పరధ్యానం అనుకున్నాడు. పరధ్యానం కాదని ఆ స్టూలు మీద నిలబడ్డప్పుడు పూర్తిగా తెలిసింది. భయం వేసింది. చీకటంటే చిన్నపిల్లలకి వేసేలాంటి భయం, కారణం చెప్పుకుని తగ్గించుకోలేని భయం. చెవి పోతే చెవి మేస్త్రిలో ఏం మిగులుతుంది? ఇక బళ్లు ఎవరు తెస్తారు?

వెనక నుంచి భార్య ఆయన చొక్కా పట్టి లాగింది. "పిలుస్తుంటే పలకరేం? గడియారంతో ఏమిటి మంతనాలు?"

"ఆగిపోయిందేమోనని చూస్తున్నా," అన్నాడు.

మర్నాడు షెడ్డు తలుపులు తీసి, వ్యాను నిలబడ్డ చోట పరిచిన అట్టముక్క తీయబోయాడు. బండి ఏదైనా సరే, ఇంజన్ కింద అట్ట పరవడం ఆయన అలవాటు. ఆయిల్ ఎక్కడ కారుతోందో అట్టే చెబుతుంది. దీని మీద ఆయిల్ చుక్క లేదు. ముందువైపు మాత్రం నల్లటి పొడి, మధ్యలో ఆవగింజలంత పలుకులు. మేస్త్రి గొంతుక్కూర్చుని ఒక పలుకు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. బెల్టు రబ్బరైతే పీచు తగలాలి. ఇందులో పీచు లేదు. ఎండి, పెళుసుబారి, పొడైపోయింది.

ఎక్కడి రబ్బరో ఆయనకి వెంటనే తెలిసింది. ఇంజన్ ముందు, క్రాంకు కొసన బిగించే పుల్లీ చూడటానికి ఒకటే ముక్కలా ఉంటుంది గానీ రెండు. లోపల చిన్న చక్రం, దాని చుట్టూ బరువైన ఇనప కడియం, ఈ రెంటినీ అంటిపెట్టుకుని మధ్యన వేలెడు మందం కూడా లేని రబ్బరు పట్టీ. క్రాంకు తిరుగుతూ పడే వణుకునంతా ఆ రబ్బరే మింగుతుంది. కంపెనీ పుస్తకంలో దాన్ని హార్మోనిక్ బ్యాలెన్సర్ అంటారు. షెడ్డులో క్రాంకు పుల్లీ అంటే చాలు. ఏళ్ల తరబడి వేడికి, ఆయిల్ తడికి ఆ రబ్బరు చచ్చిపోతుంది. అప్పుడు కడియం అటూ ఇటూ కొట్టుకుంటుంది. స్లోలో టకటకమంటుంది, రేజ్ చేస్తే ఊరుకుంటుంది. అచ్చం ఆ అమ్మాయి చెప్పినట్టే.

ఒకరోజు ఆ కడియం ఊడి వచ్చేస్తుంది. దానిమీదున్న బెల్టు తెగుతుంది. స్టీరింగుకి సాయం చేసే పంపు ఆ బెల్టు మీదే నడుస్తుంది. కొండ దిగే దారిలో, మలుపులో, వెనక పిల్లలుండగా స్టీరింగు ఒక్కసారి రాయిలా బిగుసుకుపోతే!

మేస్త్రి అట్ట పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు.

"ఏంటి బావా, అట్ట మీద జాతకం చూస్తున్నావా?" అన్నాడు బావమరిది లోపలికి వస్తూ.

అప్పుడే చెప్పేస్తే పోయేది. చెప్పాలంటే 'నిన్న నాకు వినపడలేదు' అని మొదలుపెట్టాలి. అట్టని నాలుగు మడతలు పెట్టి బెంచీ కిందకి తోశాడు. "ఆ వ్యానమ్మకి ఫోన్ చెయ్యి. ఆయిల్ మార్చాలి, బండి తెచ్చి పడేసి పొమ్మను."

"మొన్ననేగా మార్చాం?"

"చెప్పింది చెయ్యి!"

బావమరిది ఫోన్ చేశాడు. మేస్త్రి అతని పెదాల వంకే చూస్తూ నిలబడ్డాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ బావమరిది పగలబడి నవ్వి ఫోన్ పెట్టేశాడు. "ఇవాళ కుదరదట. పిల్లల్ని దింపేసి అక్క చెవుల డాక్టర్ దగ్గరికి పోతోందట! నువ్వన్నావని నిజంగానే పోతోంది బావా. ఆ చప్పుడు ఇప్పుడు ఇంట్లో కూర్చున్నా వినపడుతోందట. అందుకని బండిలో రేడియో గట్టిగా పెట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని నడుపుతున్నానంది."

"దూదా?"

"దూదే. బావ లేదన్న చప్పుడు వింటే పాపం కదా మరి!"

మేస్త్రికి నవ్వు రాలేదు. తన మాట మీద ఉన్న గౌరవం కొద్దీ ఒక మనిషి తన చెవుల్ని తనే నమ్మడం మానేసింది. కడియం రేపు ఇంకా గట్టిగా కొట్టుకున్నా, ఊడబోయే ముందు కేక పెట్టినా, ఆమె రేడియో ఇంకొంచెం పెంచుతుందే తప్ప బండి ఆపదు. ఆ రోజంతా ఆయన పట్టుకున్న పనల్లా తప్పింది. ఎవరో బ్రేకు పట్టీలు మార్చమంటే కుడిచక్రం విప్పాల్సింది ఎడమది విప్పాడు. అద్దం మీదకి దుమ్ము ఎగిరినా ఉలిక్కిపడ్డాడు. రోడ్డు మీద ఎవరు పరుగెత్తినా ఆ కొండ మలుపు నుంచే కబురు మోసుకొస్తున్నారనిపించింది.

పొద్దు వాలకముందే ఇంటికి వచ్చేశాడు. భార్య ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆయన ఆమె ఎదురుగా కూర్చుని, ఒక తువ్వాలు తీసుకుని మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ పెట్టాడు.

"నాకు వినపడట్లేదే," అన్నాడు.

"తెలుసు."

"తెలుసా?"

"ఏడాది నించీ అరిచి అరిచి నా గొంతు పోయింది. రోజూ మీ ఆయనతో ఆ గొడవలేంటమ్మా అని పక్కింటావిడ అడుగుతోంది కూడాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీకు వినపడితేగా!" అని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. అప్పుడు ఆయన అంతా చెప్పాడు. స్క్రూ డ్రైవర్ సంగతి, అట్ట సంగతి, దూది సంగతి. ఆమె చేతిలో లంగా అలాగే ఉండిపోయింది.

"షెడ్డు సంగతి తర్వాత చూసుకుందాం," అంది, ఈసారి ఆయన తన పెదాలు చూసి పట్టుకునేలా నెమ్మదిగా. "ఆ వ్యానులో పిల్లలుంటారండీ."

తనే ఫోన్ అందుకుని వ్యానమ్మకి చేసింది. అవతల ఎత్తలేదు. దూది పెట్టుకున్న మనిషి ఎలా ఎత్తుతుంది?

పొద్దున్నే మేస్త్రి కొండమీదికి నడిచాడు. పిల్లలందరూ ఎక్కాక వ్యాను దిగడం మొదలుపెట్టే చోట, మొదటి మలుపుకి ఇవతల నిలబడ్డాడు. బడి టైముకి చుట్టుపక్కల ఇళ్లలోంచి జనం పనులకి పోతున్నారు. పలకరించినవాళ్లకి తల ఊపాడే గానీ ఏం అడిగారో తెలియలేదు. ఏ మాటతో మొదలుపెట్టాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాడు. 'ఇంకోసారి చూద్దామనిపించిందమ్మా' అనొచ్చు. 'ఇప్పుడే మొదలైనట్టుంది' అనొచ్చు. అలా అంటే పరువూ దక్కుతుంది, పిల్లలూ దక్కుతారు. రెండో అబద్ధం మొదటిదానికంటే చక్కగా కుదిరింది.

పసుపు వ్యాను కనపడింది. చెయ్యెత్తి ఊపాడు. ఆమె చూపు రోడ్డు అంచున పోతున్న సైకిలు మీద ఉంది. ఆయన అరిచాడు. అరుపు ఆమెకి అందదని అరిచాక గుర్తొచ్చింది. ఇక ఆలోచించకుండా రోడ్డు మధ్యకి వెళ్లి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. వ్యాను పెద్దదవుతోంది. అద్దం వెనక ఆమె నోరు తెరుచుకోవడం, చేత్తో హారన్ మీద బాదడం కనపడుతోంది. మేస్త్రికి గాలి తప్ప ఏమీ తెలియడం లేదు. వ్యాను ముక్కు ఆయన పొట్టకి జానెడు దూరంలో ఆగింది. ఆగిన అదురుకి లోపల పిల్లలందరూ ఒక్కసారి ముందుకి తూగి వెనక్కి పడ్డారు.

వ్యానమ్మ దూకినట్టు దిగింది. "చచ్చిపోదామనా బాబాయ్! అక్కణ్ణించీ హారన్ కొడుతున్నా కదా, పక్కకి జరగవేం?"

మేస్త్రి ఆమె పెదాలే చూశాడు. దారిలో కూడబలుక్కున్నవేవీ నోటికి రాలేదు.

"వినపడలేదమ్మా."

"ఇంత హారన్ వినపడలేదా?"

"హారనూ వినపడలేదు. మొన్న నీ ఇంజనూ వినపడలేదు. నాకు చెవులు పోయాయి. నువ్వు చెప్పిన చప్పుడు ఉంది. లేదని నేనే అబద్ధమాడాను."

ఆమె చెవుల్లోంచి దూది ఒక్కొక్కటే పీకింది. సరిగా విన్నానా అన్నట్టు ఆయన్ని మళ్లీ చెప్పమంది. ఆయన మళ్లీ చెప్పాడు. చుట్టూ నలుగురు పోగయ్యారు. వాళ్లలో ఒకతను ఆయన దగ్గర కారు బాగుచేయించుకుంటాడు. మేస్త్రి అతని వైపు చూడలేదు.

"డాక్టర్ నా చెవులకి ఏ జబ్బూ లేదన్నాడు," అంది ఆమె. గొంతు ఎంత చిన్నదైపోయిందో ఆయనకి తెలియలేదు గానీ, పెదాలు వంకర్లు పోవడం తెలిసింది. "చెవులు బాగుంటే ఇక తల చూపించుకోవాలన్నాడు మా ఆయన. పిచ్చెక్కుతోందనుకున్నాను. పిచ్చిదాని వ్యానులో పిల్లల్ని ఎవరు ఎక్కిస్తారని ఎవరికీ చెప్పుకోలేదు. నువ్వు వెక్కిరించావు. అందర్నీ నవ్వించావు."

"అవునమ్మా."

"అవునంటే సరిపోతుందా?"

సరిపోదు.

వ్యాను కిటికీలోంచి జడలమ్మాయి ఒకతి తల బయటికి పెట్టింది. "ఆంటీ, టకటక మాకూ వినపడుతుంది. మేం దాని మీద పాట కూడా కట్టాం." వెనక సీట్లలోంచి పాట మొదలైంది కాబోలు, పిల్లల తలలన్నీ ఒకే తాళానికి ఊగుతున్నాయి. వ్యానమ్మ అటు చూసి, అక్కడే రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో మేస్త్రికి తెలియలేదు.

ఆయన ఇంజన్ ఆపించి బానెట్ ఎత్తాడు. బొటనవేలితో పుల్లీ అంచుని నొక్కితే, అచ్చం పాలపన్నులా ఊగింది. బెల్టు ఒక పక్క కోసుకుపోయి దారాలు తేలింది. ఆమెని పిలిచి ఆమె వేలితో కూడా నొక్కించాడు. ఆమె మలుపు వైపు ఒకసారి చూసి, పిల్లల్ని దింపి వరస కట్టించింది. అందరూ చేతులు పట్టుకుని కొండ దిగారు. ముందు ఆమె, చిట్టచివర మేస్త్రి.

వ్యానుని తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చేసరికి కబురు ముందే వచ్చేసింది. బెంచీ మీద జనం ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే నయమనిపించింది మేస్త్రికి. బావమరిది మాత్రం దగ్గరికొచ్చి, "నాకు ఆ రోజే టక్కుమన్నట్టనిపించింది బావా. నువ్వు లేదన్నావని ఊరుకున్నా," అన్నాడు నేల చూస్తూ.

"నేల చూసి మాట్లాడితే నాకెలా తెలుస్తుందిరా. నా మొహం చూసి చెప్పు."

అతను తలెత్తి మళ్లీ చెప్పాడు.

బెల్టు తీశారు, రేడియేటర్ పక్కకి జరిపారు. నడిమి బోల్టు విప్పాక, బావమరిది మూడు కొక్కేలతో పట్టి లాగే పుల్లర్ తెచ్చి పైకడియానికి తగిలించబోయాడు. మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. పైన పట్టి లాగితే ఉన్న కాస్త రబ్బరూ చిరిగి కడియం ఒక్కటే ఊడొస్తుంది. లోపలి చక్రానికున్న మరలు కోసిన కంతల్లో బోల్టులు బిగించి, వాటిని పట్టి లాగే ఇనప బిళ్ల పెట్టి, నడిమి మర నెమ్మదిగా తిప్పాడు. పుల్లీ కొంచెం కొంచెంగా జరిగి ఒళ్లోకి వచ్చింది. బల్ల మీద పెట్టగానే కడియం దానంతటదే విడిపోయి దొర్లుకుంటూ వెళ్లి బెంచీ కాలికి తగిలింది. అక్కడున్నవాళ్లు కాళ్లు పైకెత్తుకున్నారు. వ్యానమ్మ దాన్ని తీసి రెండు చేతులతో బరువు చూసింది.

క్రాంకు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే సీలు కొత్తది వేశారు. క్రాంకు కొస గుడ్డతో తుడిచి, సీలు లోపలి అంచుకి ఆయిల్ రాసి, గాడిలో చీల సరిగ్గా కూర్చునేలా కొత్త పుల్లీని ఆనించారు. బావమరిది సుత్తి అందుకున్నాడు.

"సుత్తి కింద పెట్టు. దాని మీద కొట్టే దెబ్బ లోపల బేరింగుకి తగులుతుంది," అని పొడుగుబోల్టు, నట్టు వేసి కూర్చునేదాకా తిప్పాడు. తర్వాత కొత్త బోల్టు పెట్టి, టార్క్ రెంచ్ తీశాడు. సరిపడా బిగుతు రాగానే అది క్లిక్కుమంటుంది. ఆ క్లిక్ చేతికీ తెలుస్తుంది, చెవికీ తెలుస్తుంది. ఇన్నాళ్లూ చేతికి తెలిసిందనుకునే బిగిస్తున్నాడు. నిజంగా తెలిసిందో, తెలిసిందనుకున్నాడో! ఈ ఏడాదిలో తన చేతిమీదుగా పోయిన బళ్లన్నీ కళ్లముందు కదిలాయి.

"అమ్మాయ్, ఇలా రా," అన్నాడు. "క్లిక్కుమనగానే నా భుజం మీద కొట్టు."

ఆమె వెనక నిలబడింది. ఆయన ఒళ్లంతా బిగబట్టి లాగాడు. భుజం మీద దెబ్బ పడింది, కావలసినదానికంటే గట్టిగానే పడింది. బెంచీ మీద ఎవరో నవ్వారని బావమరిది మొహం చూస్తే తెలిసింది. పాతబళ్లన్నీ ఒక్కొక్కటే పిలిపించి బోల్టులు మళ్లీ చూడాలని, ఎందుకో అడిగితే నిజమే చెప్పమని అతనికి అక్కడే చెప్పాడు. ఎంతమంది మళ్లీ వస్తారో, ఎంతమంది అటే పోతారో! భయం ఎక్కడికీ పోలేదు.

బెల్టు వేసి ఇంజన్ స్టార్ట్ చేశారు. పుల్లీ ఊగకుండా తిరుగుతోంది. మేస్త్రి పొడుగు స్క్రూ డ్రైవర్ తీసి, మొన బ్లాకు మీద తనే ఆనించి, పిడి వ్యానమ్మ చేతికిచ్చాడు. ఆమె కాసేపు దాన్నే చూసి, చెవి వెనక పెట్టుకుని కళ్లు మూసుకుంది. షెడ్డులో ఎవరో దగ్గబోయి బయటికి పరుగెత్తారు.

ఆమె చాలాసేపు విన్నది. కళ్లు తెరిచి, అందరి మొహాలూ ఒకసారి చూసింది. ఆ చూపు మేస్త్రికి తెలుసు. తనూ ఇక్కడే నిలబడి అలాగే చూశాడు.

"టకటక పోయింది," అంది. కొంచెం తటపటాయించింది. "కానీ బాబాయ్, ఇంకోటేదో ఉంది. సన్నగా, గిర్రుమని."

"నాకేం వినపడట్లేదక్కా," అన్నాడు బావమరిది. "కొత్త బెల్టు కదా, అలాగే ఉంటుంది."

మేస్త్రి చెయ్యి చాపి ఇంజన్ ఆపేశాడు. పక్కకి పెట్టిన స్పానర్ల పెట్టెని కాలితో దగ్గరికి లాక్కున్నాడు.

"ఎక్కడమ్మా?" అన్నాడు. "చూపించు."